కేస్ హార్డెనింగ్ తర్వాత లాక్ ప్లేటు కొయ్యలో కూర్చోవడం లేదు: కొయ్య గీకాలా, ప్లేటు సరిచేయాలా?

చెకుముకి (యార్క్, పెన్సిల్వేనియా):
నాలుగు నెలలుగా ఒక లాంగ్‌రైఫిల్ తయారు చేసుకుంటున్నాను. గొట్టం ముందు నుంచి మందు దట్టించి, చెకుముకి రాయితో పేల్చే రకం. క్రిస్మస్ మర్నాడు ఇక్కడ మొదలయ్యే ఫ్లింట్‌లాక్ జింకల సీజన్‌కి దాన్ని భుజాన వేసుకుని అడవికి వెళ్ళాలని కోరిక. బ్యారెల్ కొన్నాను. లాక్ ప్లేటు, అంటే పేల్చే యంత్రాంగం ముక్కలన్నీ బిగించే పలక, మాత్రం 1018 రకం మెత్తటి స్టీలు పట్టీ కోసి, ఆకురాయితో నేనే రాసుకున్నాను.

ప్లేటుకి కాటుక పూసి మేపుల్ కొయ్యలో అద్దడం, నల్లటి మరక అంటిన చోట ఉలితో పల్చగా తీయడం, మళ్ళీ అద్దడం. మూడు వారాంతాలు ఇదే పని. చివరికి చుట్టూ గోరు దూరనంత బిగువుగా కూర్చుంది. అప్పుడు కేస్ హార్డెనింగ్‌కి, అంటే బొగ్గు సారం పట్టించి పైపొరను గట్టిపరచడానికి, దాన్ని ఎముక బొగ్గు, కర్ర బొగ్గు నింపిన ఇనుప డబ్బాలో పెట్టి, మూత సందులు మట్టితో మెత్తి, 1550 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రెండు గంటలు ఉంచి, నీళ్ళ తొట్టిలో కుమ్మరించాను. రంగులు చూస్తే కడుపు నిండిపోయింది: నీలం, ఎండుగడ్డి రంగు, బూడిద. ఆకురాయి పెడితే గాజు మీద జారినట్టు జారుతోంది.

కానీ ప్లేటు తోక లోపలి వైపు అర మిల్లీమీటరు వంగింది. తోక ముందే కొయ్యకు తగిలిపోతోంది. దాంతో ముందు వైపు బోల్‌స్టర్, అంటే బ్యారెల్ పలకకు ఆనాల్సిన ఆ మందపాటి భాగం, ఆనడం లేదు. నా ఉద్దేశంలో తోక కింద కొయ్యను అర మిల్లీమీటరు గీకేస్తే సరిపోతుంది. కొయ్య మెత్తనిది, ఇనుము గట్టిది, తగ్గాల్సింది కొయ్యే కదా. మీరేమంటారు?

మేపుల్ (ఒహాయో):
ఉలి కింద పెట్టండి, దయచేసి. గీకితే తోక దిగుతుంది, కానీ ప్లేటు వంకర ఎక్కడికీ పోదు. టంబ్లర్ (రాయి పట్టే సుత్తితో పాటు లోపల తిరిగే ముక్క) ఇరుసు ఒక వైపు ప్లేటు రంధ్రంలో, ఇంకో వైపు బ్రిడిల్ (టంబ్లర్‌ను పట్టి ఉంచే చిన్న పలక) రంధ్రంలో తిరుగుతుంది. ప్లేటు వంగితే ఆ రెండూ ఒకే గీతలో ఉండవు, ఇరుసు పట్టేస్తుంది. ప్లేటు కొంచెం మెలి కూడా తిరిగి ఉంటే బోల్‌స్టర్ ఒక మూల ఆని, ఇంకో మూల తెరుచుకుంటుంది. రంజకం గిన్నెలో పోసిన సన్న మందు ఆ సందులోంచి లాక్ గుంటలోకి జారుతుంది. నిప్పురవ్వలు కురిసే చోటికి పక్కనే, మీ చెంపకు జానెడు దూరంలో, మందు పోగుపడటం నేను ఒప్పుకోలేను. కొయ్యను గీకడం చాలా తేలిక. అందుకే అందరి చెయ్యీ ముందు అటే పోతుంది.

చెకుముకి:
మెలి సంగతి ఆలోచించలేదు. గాజు పలక మీద పెట్టి చూశాను, నిజమే, ఒక మూల ఊగుతోంది. మరి వైస్‌లో బిగించి చల్లగానే వంచేయనా? లోపలి ఇనుము మెత్తగానే ఉంటుంది కదా.

కొలిమి బిడ్డ (డాలస్, సొంతూరు జగిత్యాల వైపు):
చల్లగా వంచొద్దు తమ్ముడూ. రెండేళ్ళ కింద నేను అదే చేశాను. లోపలి ఇనుము వంగింది, పై పెంకు వంగలేదు. టంబ్లర్ రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత చీలిక వచ్చింది. ఆ ప్లేటు ఇప్పటికీ నా గోడకు వేలాడుతోంది.

మా తాత కమ్మరి. గొడ్డళ్ళు నీళ్ళలో పెట్టినప్పుడు ముందు ఏ వైపు మునగాలో ఆయన చూసుకునేవాడు. నీ ప్లేటులో బోల్‌స్టర్ మందం, తోక పల్చన. పల్చటిది ముందు చల్లారుతుంది, మందంగా ఉన్నది తర్వాత చల్లారుతూ దాన్ని లాగుతుంది. అది నీ తప్పు కాదు, ఇనుము స్వభావం. కానీ కుమ్మరించినప్పుడు ప్లేటు నీళ్ళలో ఎలా పడిందో నీకు తెలియదు, అదే పెద్ద చిక్కు.

నేనైతే ఇలా చేస్తాను. ప్లేటును మళ్ళీ బొగ్గు పొడిలోనే పెట్టి ఎర్రగా కాల్చి, డబ్బాతో సహా వెచ్చటి బూడిదలో పూడ్చి తెల్లారేదాకా వదిలేస్తాను. పొద్దునకి ఆకురాయి కరిచేంత మెత్తబడుతుంది. రంగులు పోతాయి, బాధగానే ఉంటుంది. అప్పుడు సరిచేసి, కొయ్యలో కాటుకతో ఇంకోసారి చూసుకోవాలి. తర్వాత ప్లేటు వెనక ఒక మందపాటి ఇనుప దిమ్మను స్క్రూలతో బిగించి డబ్బాలో పెట్టాలి. దిమ్మ పట్టుకుని ఉంటే వంగే అవకాశం బాగా తగ్గుతుంది. మరలున్న రంధ్రాలను మట్టితో నింపు, లేకపోతే మర అంచులు పెళుసెక్కుతాయి. స్ప్రింగులు మాత్రం ఆ డబ్బాలో వేయొద్దు. వాటి ఉక్కు వేరు, పదును వేరు.

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఇనుము పెట్టి మూత మట్టితో మెత్తి ఉక్కు తీసేవారు. బొగ్గు సారం ఇనుములోకి ఎక్కించడమన్నది అక్కడా ఇక్కడా ఒకటే. వాళ్ళు లోపలిదాకా ఎక్కించారు, మనం పైపొరకు చాలనుకుంటాం. ఆ డబ్బా మూత తీసిన ప్రతిసారీ నాకు ఆ ఊరే గుర్తొస్తుంది.

రంజకం (నార్త్ కరోలినా):
అందరూ గౌరవనీయులే, కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. ప్లేటుకి ఈ పని ఎందుకు? గట్టిపడాల్సినవి ఫ్రిజెన్ (రాయి కొట్టుకుని నిప్పురవ్వలు రాల్చే ఉక్కు పలక) ముఖం, టంబ్లర్ గాట్లు, సియర్ (ఆ గాట్లలో దిగి టంబ్లర్‌ను ఆపే కొక్కెం) ముక్కు. అవన్నీ చిన్నవి, వంగినా కొయ్యతో పేచీ లేదు. ప్లేటు రంగు కోసం ఇంత టెన్షన్ పడుతున్నాం. ఆ రంగు కూడా చేతి రాపిడికీ ఎండకీ కొన్నేళ్ళలో వెలిసిపోయేదే. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియా పనివాళ్ళు చాలామంది లాక్‌లను ఇంగ్లండ్, జర్మనీల నుంచి తయారుగా తెప్పించుకున్నారు. లాక్ ముందు, కొయ్య తర్వాత. మనం ఆ వరస తలకిందులు చేసి తర్వాత బాధపడుతున్నాం. గట్టిపరచాలనే ఉంటే ముందే ఆ పని కానిచ్చి, వంగిందేదో వంగనిచ్చి, సరిచేసి, అప్పుడు కొయ్య చెక్కండి.

మేపుల్:
రంజకం గారూ, కొన్న లాక్‌కి ఆ వరస సరే. ఇక్కడ ప్లేటు ఆయనే కోశారు. బ్యారెల్, పక్క స్క్రూలు ఎక్కడ కలుస్తాయో ప్లేటు కొయ్యలో కూర్చున్నాకే తెలుస్తుంది. అప్పుడు గట్టిపడిన ప్లేటుకి డ్రిల్లు ఎలా దిగుతుంది? మెత్తటి ప్లేటులో ఇరుసు రంధ్రం అరుగుతుంది కూడా. ఏళ్ళ తరబడి కాల్చే తుపాకీలో అది చిన్న విషయం కాదు.

రంజకం:
రంధ్రాలు ముందే గుర్తు పెట్టుకుని వేసుకోవచ్చు, నేను రెండు రైఫిళ్ళకు అలాగే చేశాను. ఇరుసు రంధ్రం అరుగుదల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. రంగు విషయంలో ఒప్పుకోను.

చెకుముకి:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కొలిమి బిడ్డ అన్న చెప్పినట్టే మెత్తపరిచి, సరిచేసి, దిమ్మ బిగించి మళ్ళీ కాల్చాను. ఈసారి దిమ్మకు తీగ కట్టి నిలువుగా ముంచాను. పైపొరలో బొగ్గు సారం అప్పటికే ఉంది కాబట్టి రెండు గంటలు అవసరం లేదు, ఎరుపు సమంగా పట్టేదాకా ఉంచాను. వెంటనే వంటింటి ఓవెన్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు పెట్టి పెళుసు తగ్గించాను. రంగులు మొదటిసారంత నిండుగా రాలేదు.

బోల్‌స్టర్ బ్యారెల్‌కి ఆనింది. సన్న కాగితం పెట్టి లాగితే చిరిగింది గానీ జారలేదు. హాఫ్ కాక్‌లో, అంటే సుత్తి సగం ఎత్తి ఆగే భద్రత గాటులో, పెట్టి, ఖాళీ తుపాకీ ట్రిగ్గర్‌ను వేలితో గట్టిగా నొక్కి ఇరవై సార్లు చూశాను, పట్టు వదల్లేదు. కొయ్యను ఒక్క చోటే ముట్టుకున్నాను: సియర్ చేయి ఆడే చోట కాటుక అంటింది, అక్కడ రెండు పొరలు తీశాను. తోక కొసన కాగితం మందం సందు మిగిలింది. దాన్నేమీ చేయలేదు.

మేపుల్:
సియర్ చోటు గీకడం సరైన పనే, అది ప్లేటు ఆనే చోటు కాదు. ఆ కొస సందులో తేనెమైనం నింపండి, మంచు నీళ్ళు దిగకుండా ఉంటాయి. మొదట చెమ్మ రోజున ఒకసారి విప్పి చూసుకోండి, మేపుల్ ఉబ్బుతుంది.