సెమినార్‌కి హెల్ప్ కావాలి: స్వాతంత్ర్యం వచ్చాక ఆర్ట్

ఎంవీపీ కుర్రాడు: ఏయూలో ఫైన్ ఆర్ట్స్ చేస్తున్నా, కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాల ఆర్ట్ అని టాపిక్ ఇచ్చారు, మన రాజ్యాంగం పేజీలకి నందలాల్ బోస్ వాళ్లు వేసిన బొమ్మలు తప్ప ఏం తట్టట్లేదు గురూ

జగదాంబ సెంటర్: నైజీరియా చూడు. 1958లో జారియా కాలేజీ స్టూడెంట్సే సొసైటీ పెట్టేసుకున్నారు, ఎంతసేపూ తెల్లోళ్ల సిలబస్సేటని. అందులో ఉచే ఒకేకే అయితే అక్కడి ఇగ్బో తెగ ఆడవాళ్లు ఒంటిమీద, గోడలమీద గీసే 'ఉలి' (మన చెక్కే ఉలి కాదు, ఆ డిజైన్ల పేరే అది) గీతల్ని మోడరన్ డ్రాయింగ్‌లోకి తెచ్చాడు, సన్నగా మెలికలు తిరిగిపోతాయి, చుట్టూ ఖాళీ వదిలేస్తాడు, మన ముగ్గులా ఉంటది

లాసన్స్‌బే: సెనెగల్లో ప్రెసిడెంట్ సెంఘోరే కవి, 1966లో డకార్‌లో నల్లజాతి కళల ప్రపంచ ఉత్సవం పెట్టించాడు. కాకపోతే సర్కారు డబ్బులిస్తే సర్కారుకి నచ్చిందే గీస్తారని నా డౌటు

ఎంవీపీ కుర్రాడు: జారియా ఫిక్స్. ఒకేకే డ్రాయింగ్స్ క్లియర్ ఫొటోలు ఎవరిదగ్గరైనా ఉన్నాయా?