‘కనిపెట్టుచున్నది’లో ‘కొను’ ఉందా, లేదా?

పల్నాటి పాఠకురాలు:
మా సంఘంలోని ఒక అక్కకు ఉత్తరం రాస్తున్నాను. భర్త ఆరోగ్యం కోసం ఆమె చాలాకాలంగా ప్రార్థిస్తున్నారు. బైబిలు 130వ కీర్తనలోని కావలివారి వచనం రాద్దామని కూర్చుంటే ఒక్క మాట దగ్గర కలం ఆగింది. ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము…’ దాకా వచ్చాక నా నాలుకకు ‘కనిపెట్టుకొనుచున్నది’ అనే వస్తుంది. పాత అనువాదంలో అక్కడ ‘కొను’ లేదని ఒకరు గట్టిగా చెప్పారు. ఆమెకు ఊరికే ‘ధైర్యంగా ఉండండి’ అని రాసి ఊరుకోలేను. వాక్యం అక్షరం పొల్లు పోకుండా అందాలి.

విభక్తి:
రెండూ ఉన్నాయమ్మా, అందుకే నాలుక తడబడుతోంది. అయిదో వచనంలో ‘నా ప్రాణము ఆయనకొరకు కనిపెట్టుకొనుచున్నది’. ఆరులో ‘కనిపెట్టుచున్నది’, అదీ రెండుసార్లు. ఇది కావాలని చేసిన తేడా అని నా నమ్మకం. వండడం వేరు, వండుకోవడం వేరు. ‘కొను’ చేరితే ఫలం చేసినవాడిదే. అయిదులో భక్తుడు తన ఆశ కొద్దీ చూస్తున్నాడు. ఆరులో పోలిక కావలివాడితో. అతను మేలుకొనేది ఊరి కోసం. అక్కడ ‘కొను’కు చోటు లేదు.

పాత ప్రతి:
వినడానికి బాగుంది గానీ నిలవదు. హబక్కూకు రెండో అధ్యాయం తీయండి. మొదటి వచనంలో ప్రవక్త కావలి స్థలం మీద, గోపురం మీద నిలబడి ‘కనిపెట్టుకొని యుందు’ననుకున్నాడు. మూడో వచనంలో ‘అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము’. కావలి ఉన్నచోట ‘కొను’ ఉంది, లేనిచోట లేదు. మీ సూత్రం తలకిందులైంది. నన్నడిగితే ఇది లయ సంగతి. అయిదో వచనం చివర ‘ఆశపెట్టుకొనియున్నాను’ ఉంది కదా, దానికి జతగా ముందున్న రెండు క్రియలూ ‘కొను’ తెచ్చుకున్నాయి. గట్టిగా చదివి చూడండి.

కీర్తనల అభిమాని:
మీరిద్దరూ లేని క్రియ మీద వాదించుకుంటున్నారు. హీబ్రూలో ఆరో వచనానికి క్రియే లేదు. ‘నా ప్రాణం ప్రభువుకై, ఉదయానికై కావలివారికంటె, ఉదయానికై కావలివారు’, అంతే. క్రియ లేకపోవడమే అక్కడి బలం. ఎదురుచూసి చూసి మాట కూడా అయిపోయిన మనిషి అలాగే పలుకుతాడు. అయిదో వచనంలోని ధాతువే యెషయా 40:31లోనూ ఉంది. మనవాళ్ళు అక్కడ ‘యెహోవాకొరకు ఎదురు చూచువారు’ అన్నారు, ఇక్కడ ‘కనిపెట్టు’ అన్నారు. ఇక్కడి మాటే గొప్పది.

సంఘ సేవకుడు:
ఆ ధాతువుకు పేనిన తాడు అనే అర్థం ఉంది, గమనించారా? దేవునితో పెనవేసుకొని ఉండడమే కనిపెట్టుకోవడం.

కీర్తనల అభిమాని:
ప్రసంగాల్లో చాలాసార్లు విన్నానండి. తాడు అనే నామవాచకం వేరే ఉంది. ఈ కీర్తనలో పేనడం ఎక్కడా పొసగదు. రాత్రంతా నిలబడినవాడి చేతిలో తాడెందుకు?

ఒంగోలు పాఠకుడు:
‘కనిపెట్టు’ అంటే నేటి పిల్లలకు కొత్త యంత్రం కనుక్కోవడం. మా వైపు పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పాత అర్థం బతికే ఉంది. ఆకు కట్టిన కర్రలు ఎక్కించి పొయ్యి రాజేశాక, రాత్రంతా ఒక మనిషి థర్మామీటరు చూస్తూ, కట్టె ఎగదోస్తూ మంటను కనిపెట్టుకొని ఉండాలి. కాస్త కునుకు తీస్తే ఆకు రంగు పోతుంది. అది ఖాళీగా కూర్చోవడం కాదు.

విభక్తి:
అక్కడ ‘మంటను’, ద్వితీయ. ముసలివాళ్ళను కనిపెట్టుకొని ఉండడం కూడా అంతే, చూసుకోవడం. ‘కొరకు’ వస్తేనే నిరీక్షణ. విభక్తి మారితే అర్థం మారింది.

ఒంగోలు పాఠకుడు:
రెండర్థాలూ ఒకే మాటలో ఇమడడమే తెలుగు చేసిన మేలు అంటున్నాను. మా ఊరి కొండే సాక్ష్యం. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అంతకు ముందు ఏడాదే నెల్లూరు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. వాళ్ళడిగిన సేవకుడు, క్లౌ దొర, ఒంగోలు చేరింది 1866లో. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకొని కూలి ఇప్పించారు. బాప్తిస్మం అడిగినవాళ్ళను మాత్రం కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆగమన్నారు. ఆగారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ మీది అయిదుగురినీ తలుచుకుంటారు గానీ, ఆ కరువులో ఆకలితో ఆగినవాళ్ళ నిరీక్షణే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

భాగవత ప్రియుడు:
ఎదురుచూపులో ఒక్క అక్షరం బరువు తెలియాలంటే పోతన దగ్గరకు రావాలి. గజేంద్రుడి ‘కలడో లేడో’లో ఆ చివరి ఓకారం చాలు. దేవుణ్ణి పిలుస్తూనే సందేహించాడు, సందేహిస్తూనే పిలిచాడు. మీ కీర్తనకారుడిలో ఆ ఓకారం ఉందా?

కీర్తనల అభిమాని:
ఉందండి, 13వ కీర్తన మొదట్లోనే ‘ఎంతకాలము’ అనే ప్రశ్న. పైగా గజేంద్రుడు సంస్కృత మూలంలో వెయ్యేళ్ళు తన బలంతోనే పెనుగులాడాడు. శరణన్నాక మాత్రం విష్ణువు సిరికి కూడా చెప్పకుండా పరుగెత్తాడు. అక్కడ పిలుపుకూ రాకకూ నడుమ ఎడం లేదు. 130వ కీర్తన మొదలయ్యేదే అగాధ స్థలాల నుంచి వేసిన మొర్రతో, ముగిసేటప్పటికీ తెల్లవారలేదు.

భాగవత ప్రియుడు:
ఎడం ఎందుకు లేదు? ‘రావే ఈశ్వర’ అన్నాక ఎన్ని పద్యాలు నడిచాయో చూడండి.

పల్నాటి పాఠకురాలు:
మాస్టార్లూ, అన్నీ చదివాను. ఉత్తరంలో ఆరో వచనమే, ‘కొను’ లేకుండా, రెండుసార్లూ రాశాను. కింద 1 థెస్సలొనీక 4:18 చేర్చాను: ‘ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి’. అక్కడ ‘కొను’ ఉంది.

పాత ప్రతి:
అక్కడి ‘కొను’ పరస్పరార్థకం తల్లీ, దీనికీ దానికీ సంబంధం లేదు.

విభక్తి:
ఉందండి. 5:11లో అదే మాట ‘ఆదరించి’ అని ‘కొను’ లేకుండా వచ్చింది. ‘యొకనినొకడు’ అక్కడా ఉంది. మరి పరస్పరార్థం ఏ మాటలో ఉన్నట్టు?