రోజూ బిజినెస్ వార్తలు చదువుతున్నాను, కెరీర్ మాత్రం తేల్చుకోలేకపోతున్నాను

ప్రశ్న: రెండో ఏడాది విద్యార్థిని

అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, బిజినెస్ మేనేజ్‌మెంట్. వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు స్పెషలైజేషన్ ఏదో చెప్పాలి. ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్, అనలిటిక్స్... ఈ నాలుగింట్లో ఒకటి.

మొదటి ఏడాదిలో మా మేడమ్ రోజూ బిజినెస్ పేజీ చదవమన్నారు. అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎడమ పేజీలో వార్త, కుడి పేజీలో "దీన్నిబట్టి నేనేం చదవాలి" అని రాసుకుంటాను. ఎడమ పేజీలు బాగానే ఉన్నాయి. కుడి పేజీలు తిరగేస్తే మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు. పాత వార్తలు కూడా వెతికి చదువుతాను కాబట్టి గందరగోళం ఇంకా పెరిగింది. 2021లో టెక్ కంపెనీలకు మనుషులు దొరకడం లేదన్నారు, అనలిటిక్స్ అని రాశాను. 2022 నవంబర్‌లో ఫేస్‌బుక్ కంపెనీ మెటా ఒక్కసారే 11,000 మందిని తీసేసింది, 2023 మార్చిలో ఇంకో 10,000 మంది అంది. అనలిటిక్స్ కొట్టేసి బ్యాంకింగ్ అని రాశాను. అదే మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ చూస్తుండగానే మూతపడింది. ఇక చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి ఏ సబ్జెక్టు పేరెత్తినా "అది ఏఐ చేసేస్తుందిగా" అనేవాళ్ళే. నా ఫ్రెండ్ ఒకమ్మాయి ఒక్క హెడ్‌లైన్ చూసి మార్కెటింగ్ వద్దనుకుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. క్లాసులో కేస్ స్టడీలు చదువుతాం. ఫోటో ఫిల్మ్ కంపెనీ కోడాక్‌లో ఇంజనీరు స్టీవ్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశాడు, కంపెనీ దాన్ని నమ్ముకోలేదు, 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. ఫ్యూజీఫిల్మ్ మాత్రం ఫిల్మ్ కెమిస్ట్రీలో తనకున్న పట్టును ఎల్‌సీడీ తెరల్లో వాడే పొరలకీ సౌందర్య సాధనాలకీ మళ్ళించి నిలబడింది. క్లాసులో అందరం చేతులెత్తి కోడాక్ తప్పేంటో చెప్పేస్తాం. కథ ఎలా ముగిసిందో ముందే తెలుసు కాబట్టి చెప్పగలుగుతున్నాం. పొద్దున పేపర్లో వచ్చే కంపెనీల్లో ఏది కోడాక్, ఏది ఫ్యూజీ? అది ఎవరూ నేర్పడం లేదు.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు వార్తల్ని ఎలా చదువుతారు? కెరీర్ ఎంచుకోవడానికి అవి నిజంగా పనికొస్తాయా, లేక చదవడం ఆపేసి నచ్చింది తీసుకోమంటారా?


జవాబు 1: అప్పుల లెక్కలు

కంపెనీలకు అప్పు ఇవ్వొచ్చా లేదా అని చూసే విభాగంలో పనిచేస్తాను. చదవడం ఆపకమ్మా. నువ్వు అడిగిన ప్రశ్న ఉద్యోగంలో చేరి పదేళ్ళయినా చాలామందికి తట్టదు. మార్చుకోవాల్సింది ఒక్కటే, హెడ్‌లైన్ నుంచి నేరుగా కుడి పేజీకి దూకకు. మధ్యలో ఆ కంపెనీకి డబ్బు ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నది రాయి.

మెటా సంగతే తీసుకో. 11,000 అన్న అంకె చూసి భయపడ్డావు. వాళ్ళ రిపోర్టుల్లో మొత్తం ఉద్యోగుల సంఖ్య కూడా ఉంటుంది. 2019 చివర్లో దాదాపు 45,000. 2022 సెప్టెంబర్‌కి 87,000 పైనే. రెండు విడతల కోతల తర్వాత 2023 చివర్లో సుమారు 67,000. ఉద్యోగం పోయినవాళ్ళ బాధ చిన్నదని నేననను. కానీ ఇది "టెక్ పని అయిపోయింది" అనే కథ కాదు. మూడేళ్ళలో దాదాపు రెట్టింపు మందిని ఎందుకు తీసుకున్నారు, తర్వాత ఎందుకు మోయలేకపోయారు అనే కథ. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్ ప్రకటనలు విపరీతంగా పెరిగాయి, వడ్డీలు సున్నాకి దగ్గర్లో ఉన్నాయి. తర్వాత ఆపిల్ తన ఫోన్లలో ప్రైవసీ నిబంధన మార్చింది, ప్రకటనలకి వాడే యూజర్ల సమాచారం తేలిగ్గా దొరక్కుండా పోయింది. దానివల్ల 2022లో తమ ఆదాయానికి దాదాపు 10 బిలియన్ డాలర్ల దెబ్బ తగలొచ్చని మెటానే చెప్పింది. వడ్డీలూ పెరిగాయి. ఈ నాలుగు సంగతులూ రాసుకుంటే అదే వార్త వేరేలా కనిపిస్తుంది.

సిలికాన్ వ్యాలీ బ్యాంక్ గురించి కాస్త వివరంగా చెబుతాను, అది నా పనికి దగ్గరిది. ఏ బ్యాంకునైనా మేం మూడు ప్రశ్నలు అడుగుతాం. డబ్బు ఎవరిది? దాన్ని ఎక్కడ పెట్టారు? ఇచ్చినవాళ్ళు ఎప్పుడు తిరిగి అడగొచ్చు? ఆ బ్యాంకులో డిపాజిట్లు ఎక్కువగా స్టార్టప్‌లవీ, వాటికి పెట్టుబడి పెట్టేవాళ్ళవీ. అందరూ ఒకే రంగం, ఒకరితో ఒకరికి రోజూ మాటలు. పైగా అమెరికాలో బ్యాంకు మూతపడితే డిపాజిట్‌కి ఇన్సూరెన్స్ 2,50,000 డాలర్ల వరకే, వీళ్ళ ఖాతాల్లో చాలావాటిలో ఉన్నది అంతకంటే ఎన్నో రెట్లు. 2019 చివర్లో 62 బిలియన్ డాలర్ల దాకా ఉన్న డిపాజిట్లు రెండేళ్ళలో 189 బిలియన్లు అయ్యాయి. అంత డబ్బుకి అప్పు అడిగేవాళ్ళు దొరక్క దీర్ఘకాలిక బాండ్లు (అప్పిచ్చి ఏటా వడ్డీ తీసుకునే పత్రాలు) కొన్నారు. ప్రభుత్వ హామీ ఉన్నవే, అసలు మునిగే రకం కాదు.

అయితే అమెరికాలో 2022 మార్చి వరకు సున్నాకి దగ్గరగా ఉన్న వడ్డీ రేటు ఏడాది తిరిగేసరికి నాలుగున్నర శాతం దాటింది. 100కి ఏటా ఒకటిన్నర ఇచ్చే పాత బాండు నీ చేతిలో ఉంది, కొత్త బాండు నాలుగు ఇస్తోంది. పాతదాన్ని 100 పెట్టి ఎవరు కొంటారు? చివరిదాకా ఉంచుకుంటే నష్టం లేదు, మధ్యలో అమ్మాల్సి వస్తేనే ఉంది. స్టార్టప్‌లకు కొత్త పెట్టుబడులు తగ్గి, ఖర్చులకు డిపాజిట్లు తీసుకోవడం మొదలుపెట్టాయి. 2023 మార్చి 8న బ్యాంకు 21 బిలియన్ల బాండ్లు అమ్మేశామని, 1.8 బిలియన్ల నష్టం వచ్చిందని ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజులో 42 బిలియన్లు వెనక్కి అడిగారు. 10వ తేదీన మూసేశారు.

ఇందులో నీ కెరీర్‌కి పనికొచ్చే వాక్యం "బ్యాంకులు కూలుతాయి" అన్నది కాదు. ఆ బ్యాంకులో 2022లో చాలా నెలలపాటు చీఫ్ రిస్క్ ఆఫీసర్ కుర్చీ ఖాళీగా ఉంది. డిపాజిట్ల కాలానికీ బాండ్ల కాలానికీ పొంతన కుదురుతోందా అని చూసే పనికి ఆ వారం తర్వాత ఎంత విలువ పెరిగిందో నేను దగ్గర్నుంచి చూశాను. నువ్వు బ్యాంకింగ్ కొట్టేసిన చోటే ఒక ఉద్యోగం కనిపించాల్సింది.

స్పెషలైజేషన్ ఏది తీసుకున్నా సరే, అకౌంటింగ్ పేపర్ మాత్రం గట్టిగా చదువు. ఇష్టం లేకపోయినా చదువు.


జవాబు 2: ఓడలూ సరుకూ

ఆపరేషన్స్ వైపు నుంచి ఒక మాట. వార్త చదివినప్పుడు "ఆ రోజు ఎవరెవరికి ఫోన్లు వెళ్ళుంటాయి?" అని అడిగి చూడు చెల్లీ.

2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఇరుక్కుంది. 400 మీటర్ల ఓడ, 18,000కి పైగా కంటైనర్లు. ప్రపంచ వాణిజ్యంలో దాదాపు 12 శాతం పోయే దారి ఆరు రోజులు ఆగింది. 29న ఓడ కదిలింది, వార్త ముగిసింది. సరుకు అందులో ఉన్నవాళ్ళకి కథ అప్పుడే మొదలైంది. పరిహారం తేలేవరకు ఈజిప్టు ఆ ఓడని వదల్లేదు. జూలై 7న గానీ బయల్దేరలేదు. పైగా ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు. ఓడని కాపాడటానికి అయిన ఖర్చులో సరుకున్న ప్రతివాళ్ళూ తమ వాటా భరించాలన్నమాట. హామీ పత్రం ఇవ్వందే కంటైనర్ చేతికి రాదు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది, లేనివాళ్ళు సొంత డబ్బు కట్టాలి.

మా సరుకు ఆ ఓడలో లేదు, వెనక క్యూలో నిలిచిపోయిన ఇంకో ఓడలో ఉంది. ఆ వారం మా ఆఫీసులో అందరికంటే అవసరమైన మనిషి ఏ కంటైనర్ నంబరు ఏ ఓడలో ఉంది, అందులోని విడిభాగం లేకపోతే ఫ్యాక్టరీలో ఏ లైను ఎన్ని రోజులకి ఆగుతుంది అని ఒక షీట్‌లో రాసిపెట్టుకున్న ప్లానర్. ఆ షీట్ చూసే ఏది విమానంలో తెప్పించాలి, ఏది ఆగినా ఫర్వాలేదు అని తేల్చాం. ఆమెకి పెద్ద డిగ్రీలేం లేవు, డిపార్ట్‌మెంట్ బయట ఎవరికీ పేరు కూడా తెలియదు. ఇలాంటి ఉద్యోగాల గురించి ఏ కెరీర్ గైడెన్స్‌లోనూ చెప్పరు. ఫోన్లు ఎవరికి వెళ్ళాయో వెతికితేనే బయటపడతాయి.


జవాబు 3: పదిహేనేళ్ళ మార్కెటింగ్

మొదటి జవాబు రాసినాయనతో సగమే ఏకీభవిస్తాను. రిపోర్టులు జరిగిపోయినదాన్ని చెబుతాయి. ఈ అమ్మాయి భయం రాబోయేదాని గురించి, ముఖ్యంగా ఏఐ గురించి. ఆ భయాన్ని లెక్కలతో పక్కన పెట్టేయడం న్యాయం కాదు. కొన్ని పనులు నిజంగానే పోతాయి. 1979లో పర్సనల్ కంప్యూటర్లకు విజికాల్క్ అనే మొదటి స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం వచ్చాక చేత్తో పద్దులు కూడి, తీసివేసి, మళ్ళీ కూడే గుమస్తా పని క్రమంగా తగ్గిపోయింది. అదే స్ప్రెడ్‌షీట్ చుట్టూ అనలిస్టుల పని పెరిగింది. కానీ గుమస్తాగా ఉన్నవాళ్ళందరూ అనలిస్టులు కాలేదు కదా.

అయితే ఏ పని పోతుందో ముందే చెప్పడం పెద్దపెద్దవాళ్ళ వల్ల కూడా కాలేదు. 2016లో ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్ ఇక రేడియాలజిస్టులకు (ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే డాక్టర్లకు) శిక్షణ ఇవ్వడం ఆపేయాలన్నారు, ఐదేళ్ళలో కంప్యూటరే వాళ్ళకంటే బాగా చూస్తుందన్నారు. తర్వాత 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి ఆయన. స్కాన్లు చదివే ప్రోగ్రాములు చాలానే వచ్చాయి. అయినా రేడియాలజిస్టులు కావాలని ఆస్పత్రులు ఇప్పటికీ వెతుక్కుంటున్నాయి. బొమ్మ చూడటం వాళ్ళ పనిలో ఒక భాగమే. పాత స్కాన్‌తో పోల్చడం, సర్జన్‌తో మాట్లాడటం, ఇంకో పరీక్ష కావాలో అక్కర్లేదో చెప్పడం, చివరికి సంతకం పెట్టి బాధ్యత తీసుకోవడం మిగతావి. 2016లో ఆ మాట విని రేడియాలజీ వదులుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఎంత అన్యాయం జరిగిందో ఆలోచించండి.

మీ ఫ్రెండ్‌కి ఈ సంగతి చెప్పండి. మా దగ్గర ప్రకటనకి మొదటి డ్రాఫ్ట్ ఇప్పుడు ఏఐతోనే రాయిస్తున్నాం. మొన్న అలా వచ్చిన వాక్యాల్లో సగానికి పైగా త్వరగా డెలివరీ చేస్తామనే చెబుతున్నాయి. చదవడానికి ఒక్కటీ వంక పెట్టేలా లేదు. మా కస్టమర్లు ఎక్కువగా ఫిర్యాదు చేసేది డెలివరీ ఆలస్యం గురించే! ఆ వాక్యాలతో ప్రకటన వేసి ఉంటే మాకు తలనొప్పి అయ్యేది. అది పట్టుకున్నది రోజూ ఫిర్యాదులు చదివే అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు. మార్కెటింగ్‌లో వాక్యాలు రాయడమే నా పని అనుకున్నవాళ్ళకి కష్టకాలమే, అది దాచను. కస్టమర్ ఏమంటున్నాడో విని, ఏ మాట ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు అని తేల్చగలిగేవాళ్ళకి మా దగ్గర పని తగ్గలేదు.

ఇంకొకటి. మీ కుడి పేజీలు పక్కన పెట్టి ఎడమ పేజీలే చూడండి. హెడ్‌లైన్ పాతబడ్డాక కూడా ఏ కథని మీరు వెంటాడారు? కోడాక్, ఫ్యూజీల గురించి మీరు రాసింది చదివితే, కంపెనీలు ఎటు మళ్ళాలో ఎలా తేల్చుకుంటాయన్నది మిమ్మల్ని పట్టుకున్నట్టుంది. నాకు మీ ప్రశ్నలో మెరిసింది అదే.


రెండో ఏడాది విద్యార్థిని

ముగ్గురికీ ధన్యవాదాలు. ఫోన్లు ఎవరికి వెళ్ళాయన్న ప్రశ్న ఇవాళే మా ఫ్రెండ్స్‌ని అడిగాను, గంటసేపు మాట్లాడుకున్నాం.

మొదటి జవాబు రాసిన అన్నా, మీరు చెప్పినట్టు ఒక కంపెనీ తీసుకుందామని అమెజాన్ 2022 రిపోర్ట్ తెరిచాను. విభాగాలవారీ పట్టిక చూసి ఆగిపోయాను. మొత్తం ఆపరేటింగ్ లాభం 12.2 బిలియన్ డాలర్లు. క్లౌడ్ విభాగం (ఇతర కంపెనీలకు సర్వర్లు అద్దెకిచ్చేది) ఒక్కటే 22.8 బిలియన్లు సంపాదించింది. అంటే మనం కొనే సరుకుల వ్యాపారం, ఉత్తర అమెరికా, మిగతా దేశాలు కలిపి, ఆ ఏడాది నష్టంలో ఉన్నట్టేనా? నేను సరిగ్గానే చదువుతున్నానా? పైగా చివర్లో నికర నష్టం 2.7 బిలియన్లు అని ఉంది. ఆపరేటింగ్ లాభం ఉండి నికర నష్టం ఎలా వచ్చిందో అర్థం కాలేదు.


జవాబు: అప్పుల లెక్కలు

సరిగ్గానే చదివావు. ఆ రెండు విభాగాలూ కలిపి పది బిలియన్లకు పైగా నష్టం. నికర నష్టం రివియన్ అనే ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీలో వాళ్ళకున్న వాటాల వల్ల. ఆ షేర్ల విలువ పడిపోయి 12.7 బిలియన్లు కాగితం మీద నష్టం రాసుకోవాల్సి వచ్చింది. అది వ్యాపారంలో జరిగిన నష్టం కాదు, అందుకే పట్టికలో ఆపరేటింగ్ లాభం వరుస తర్వాత కింద కనిపిస్తుంది.

ఇప్పుడు క్యాష్ ఫ్లో పట్టిక తెరువు. నికర నష్టం 2.7 బిలియన్లున్న అదే ఏడాది వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు 46.8 బిలియన్లు అని కనిపిస్తుంది. నష్టంలో ఉన్న కంపెనీకి అంత నగదు ఎలా వచ్చింది? తరుగుదల (ఆస్తుల విలువ ఏటా తగ్గించి రాసే లెక్క), ఉద్యోగులకు జీతం కింద ఇచ్చిన షేర్లు, ఈ రెండు వరుసలు ముందు చూడు. తర్వాత ఆ నగదు ఎక్కడికి పోయిందో చూడటానికి గోడౌన్లు, సర్వర్లు కొన్న ఖర్చు వరుస దగ్గరకి వెళ్ళు. నీకు అర్థమైంది ఒక పేరాగా రాసి ఇక్కడే పెట్టు. ఆదివారం ఖాళీగానే ఉంటాను, చదివి చెబుతాను.