యాస్పెల్ లిస్ట్ కదలకుండా కూర్చుంటోంది

ప్రశ్న: 40 టెక్స్ట్ ఫైళ్లలో ఇంగ్లిష్ స్పెల్లింగ్ తప్పులు మాత్రం జాబితాగా కావాలి. టెర్మినల్‌లో స్పెల్లింగ్ సరిచూసే ‘యాస్పెల్ లిస్ట్’ కమాండ్ పక్కన ఫైల్ పేరిస్తే కర్సర్ మెరుస్తూ ఉండిపోతోంది. ఎందుకండీ?

జవాబు 1: లిస్ట్ ఫైల్ పేరును పట్టించుకోదు, స్టాండర్డ్ ఇన్‌పుట్ (కీబోర్డు నుంచో, మరో కమాండ్ నుంచో వచ్చే టెక్స్ట్) కోసం కాచుకుంటుంది. కంట్రోల్ సి కొట్టి, పేరుకు ముందు ‘<’ పెట్టండి. అన్నీ ఒకేసారి కావాలంటే క్యాట్ (ఫైళ్లను కలిపి చూపే కమాండ్)తో కలిపి, పైపు (‘|’) ద్వారా యాస్పెల్ లిస్ట్‌కు పంపండి. చివర సార్ట్ మైనస్ యు (sort -u) తగిలిస్తే ఒకే మాట పదిసార్లు రాదు. తప్పు ఏ వరసలో ఉందో మాత్రం చెప్పదు, దానికి మాటను వెతికి వరస సంఖ్యతో చూపే గ్రెప్ మైనస్ ఎన్ (grep -n) వాడాల్సిందే.

జవాబు 2: ఇలాంటిదే మరో స్పెల్లింగ్ ప్రోగ్రామ్ హన్‌స్పెల్ మైనస్ ఎల్ (hunspell -l) అయితే ఫైల్ పేర్లు నేరుగా తీసుకుంటుంది. నా ఓటు దానికే.

జవాబు 3: స్క్రిప్టులో పెడుతున్నారా? తప్పులు దొరికినా యాస్పెల్ లిస్ట్ ఎగ్జిట్ కోడ్ 0 (అంతా సవ్యంగా ముగిసిందనే సంకేతం) ఇస్తుంది. అవుట్‌పుట్ ఖాళీయా కాదా అన్నదే చూడండి.