పాట్‌లు 1966, నెక్ 1964: ఈ స్ట్రాటోకాస్టర్‌ని అసలుదని నమ్మొచ్చా?

తీగలమోత:
1964 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ అని ఒకాయన అమ్మకానికి పెట్టారు. విప్పి తీసిన ఫొటోలు కూడా పంపారు. నెక్‌ని (గిటార్ మెడని) బాడీకి బిగించే రేకు, అంటే నెక్ ప్లేట్ మీద ఎల్‌తో మొదలయ్యే సీరియల్ నంబరు ఉంది. నెక్ చివర, బాడీలో కూర్చునే చోట, '2 మార్ 64 బి' అని ముద్ర ఉంది. కానీ మూడు పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాల) వెనకా 304 6620 అని కనబడుతోంది. "ఎప్పుడో రిపేర్‌లో పాట్‌లు మార్చారు, మిగతాదంతా ఒరిజినలే" అంటున్నారాయన. నమ్మొచ్చా?

పాతచెక్క:
నమ్మొచ్చండీ. ఎల్ నంబర్లు 1962 చివరి నుంచి 1965 దాకా వచ్చాయి. నెక్ మీద 1964 మార్చి 2 అని తేదీ కూడా ఉంది. రెండూ కుదిరాక ఇంకేం కావాలి? అరవై ఏళ్లు వాయించిన గిటార్‌లో పాట్‌లు గరగరమంటాయి, మారుస్తారు. దానికే నకిలీ అనేస్తే ఎలా?

సోల్డర్‌పొగ:
ఆ 2 తేదీ కాదండీ. అప్పట్లో స్ట్రాటోకాస్టర్ నెక్‌కి వేసిన మోడల్ కోడ్ అది. బి అంటే నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్ వెడల్పు. ఆ ముద్రను బట్టి మనకు తెలిసేది ఆ నెక్ 1964 మార్చిది అనే, అంతకుమించి ఏమీ లేదు. నెక్, ప్లేట్ రెండూ అవే నాలుగు స్క్రూలతో ఊడి వస్తాయి. స్క్రూడ్రైవర్ ఉంటే ఆ రెండింటినీ ఏ బాడీకైనా బిగించొచ్చు.

ఇక పాట్‌లు. 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ, 66 సంవత్సరం, 20 వారం. 1965 జనవరిలో ఫెండర్‌ని అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ కొనేసింది. 1966లో పాట్‌లు భారీగా కొని నిల్వ పెట్టారు. అందుకే ఆ దశాబ్దం చివర్లో తయారైన గిటార్లలోనూ 1966 పాట్‌లే కనబడతాయి. పాట్ కోడ్ చూసి 'ఇంతకంటే ముందు బిగించింది కాదు' అనొచ్చు, 'అప్పుడే బిగించారు' అనలేం.

నాకు అనుమానం ఎక్కడంటే, మూడింటి మీదా ఒకే వారం ఉంది. రిపేర్ చేసేవాళ్లు పాడైనదాన్ని మారుస్తారు, చేతికి దొరికింది వేస్తారు. మూడూ ఒకే వారంవి అంటే ఫ్యాక్టరీ పెట్టెలోంచి వచ్చినట్టుంది. రుజువు కాదు గానీ వదిలేసే విషయమూ కాదు.

సోల్డర్ (వైర్లని అతికించే లోహపు ముద్ద) చూడండి. ముట్టుకోని పాత సోల్డర్ మసకబారి, ఒకే ముద్దగా, అంచున గోధుమరంగు ఫ్లక్స్ మరకతో ఉంటుంది. మళ్లీ చేసినదైతే పాత ముద్ద మీద కొత్తది కూర్చుని మెరుస్తుంది, గుడ్డ తొడుగు వైరు అంచు మాడి ఉంటుంది. పాట్‌ల దగ్గర మాత్రమే చూసి ఆగిపోకండి. పికప్‌లు (తీగల కంపనాన్ని పట్టేవి), పాట్‌లు అన్నీ పిక్‌గార్డ్‌కే (ముందు వైపు ప్లాస్టిక్ పలకకే) వేలాడుతుంటాయి కాబట్టి ఏ సోల్డర్‌నీ కదపకుండా మొత్తం సెట్‌ని వేరే బాడీలోకి మార్చేయొచ్చు. విప్పక తప్పనివి జాక్ (కేబుల్ గుచ్చే చోటు) వైర్లు, వెనక ట్రెమొలో స్ప్రింగులను పట్టి ఉంచే లోహపు ముక్కకి, అంటే క్లాకి వెళ్లే గ్రౌండ్ వైరు. దొంగపని బయటపడేది అక్కడే.

పాతచెక్క:
మీ లెక్కన వాయించిన గిటార్ ఏదీ అసలుది కాదు! ఫ్రెట్‌లు, జాక్, పాట్‌లు అరిగేవే. నెక్, బాడీ, పికప్‌లు నాటివైతే చాలు అంటాను.

సోల్డర్‌పొగ:
అరిగినవి మార్చడంలో తప్పేం లేదు, వాయించడానికే కదా గిటార్. ఆ మాట ఒప్పుకుంటాను. అయితే నెక్, బాడీ నాటివే అని మీరు అంటున్నది ఆ ప్లేట్‌ని చూసే కదా? బాడీకి వేరే సాక్ష్యం కావాలి. ఆ రోజుల్లో నెక్ పాకెట్‌లో (బాడీలో నెక్ కూర్చునే గుంతలో) ఒక పుల్ల బిగించి, దాన్ని పట్టుకుని రంగు కొట్టేవారు. పుల్ల అడ్డుపడిన చోట సన్‌బర్స్ట్ రంగు పడదు. అలాగే ఆరబెట్టేటప్పుడు బాడీకి చిన్న మేకులు కొట్టేవారు, పిక్‌గార్డ్ తీస్తే ఆ రంధ్రాలు కనిపిస్తాయి. రంధ్రం లోపల పచ్చి చెక్క ఉంటే రంగు నాటిది. లోపలికి కూడా రంగు దిగి ఉంటే తర్వాత ఎవరో మళ్లీ కొట్టారు.

తీగలమోత:
జాక్ ఫొటో ఇప్పుడే వచ్చింది. జాక్ దగ్గర సోల్డర్ మెరుస్తోంది. పాట్‌ల మీద మాత్రం మసకగా, ఒకే ముద్దగా ఉంది.

సోల్డర్‌పొగ:
పాట్‌లు రిపేర్‌లో మారాయన్న ఆయన మాట ఈ ఫొటోతో పొసగడం లేదు. మారి ఉంటే పాట్‌ల మీదే కొత్త సోల్డర్ ఉండాలి. జాక్ ఒక్కటే మార్చారేమో, అది మామూలే. క్లా దగ్గర కూడా సోల్డర్ మెరుస్తోందంటే సెట్ మొత్తం వేరే గిటార్‌ది. అక్కడ పాతదే ఉంటే ఆ సెట్ పుట్టింది ఆ బాడీలోనే, అప్పుడు 1966 కంటే ముందుది కానిది బాడీ, బయటి నుంచి వచ్చింది నెక్. క్లా, నెక్ పాకెట్ ఫొటోలు రెండూ చూడకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.