నీళ్ళు పోసే ఆవిడ బాబు ముక్కులో నూనె ఊదుతోంది, వద్దంటే ఇంట్లో గొడవ

కొత్తమ్మ (అమలాపురం దగ్గర)

అందరికీ నమస్కారమండి. బాబు పుట్టి ఇవాళ్టికి పదమూడు రోజులు, పుట్టినప్పుడు 2.7 కేజీలు, నార్మల్ డెలివరీ, నేను పుట్టింట్లోనే ఉన్నాను. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవండి చాలు అని డిశ్చార్జ్ అప్పుడు డాక్టరు గారు చెప్పారు, అలాగే చేశాం, తొమ్మిదో రోజున ఊడింది. పదకొండో రోజు పురుడు చేసి, ఆ రోజు నుంచి మా ఊళ్ళో నీళ్ళు పోసే ఆవిడ వస్తోంది. అరవై దాటి ఉంటాయి, చిన్నప్పుడు నాకూ తమ్ముడికీ కూడా ఆవిడే పోసిందంట.

దొడ్లో కొబ్బరి డొక్కలు మంటేసి కాగు నిండా నీళ్ళు కాస్తారు. ఆవిడ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, వాడిని పిక్కల మీద పడుకోబెట్టుకుని ఒళ్ళంతా కొబ్బరినూనె రాస్తుంది, మాడుకి ఆముదం అద్దుతుంది, ఇంతవరకు నాకూ చూడ్డానికి బాగానే ఉంటుంది. తర్వాత తల గుండ్రంగా రావాలని రెండు చేతులతో నొక్కుతుంది, ముక్కు సాగదీస్తుంది, నూనె చుక్క వేలితో ముక్కులో వేసి నోటితో ఊదుతుంది. మగపిల్లాడికి రొమ్ములో పాలుంటే పెద్దయ్యాక గడ్డలు కడతాయని రెండు వైపులా పిండుతుంది!! వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. సున్నిపిండి రుద్ది, ఒళ్ళు కందిపోయేంత వేడి నీళ్ళు చెంబులతో పోసి, ఆఖర్న శ్రీరామరక్ష నూరేళ్ళాయుష్షు అని నీళ్ళు తిప్పి దిష్టి తీసి, సాంబ్రాణి పొగ మీద పట్టి నా చేతికిస్తుంది. వాడు మూడు గంటలు కదలకుండా పడుకుంటాడు, అమ్మేమో చూశావా ఎంత హాయిగా నిద్రపోతున్నాడో అంటుంది.

నిన్న ముక్కులో నూనె వేసినప్పుడు పొలమారి మొహం నల్లబడింది, నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. వద్దంటే అమ్మ "నువ్వు అలాగే పెరిగావు" అంటుంది, మా అత్తయ్యగారు ఫోన్లో ఆవిడ్ని మాన్పించొద్దంటారు, మా ఆయన మీ ఆడవాళ్ళ గొడవ నాకెందుకంటాడు. మొత్తం మానేయాలా, కొంత ఉంచుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

లంకల మామ్మ

అమ్మాయ్, నాకు ముగ్గురు పిల్లలు, అయిదుగురు మనవలు, అందరికీ నా కాళ్ళ మీదే నీళ్ళు పోశాను, ఒక్కళ్ళని కూడా జారవిడవలేదు. కాళ్ళ మీద పోయడం తప్పని ఎవరైనా అంటే నమ్మకు. పిల్లాడు పిక్కల మధ్య పల్లంలో సరిగ్గా ఇముడుతాడు, నీకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఆ ప్లాస్టిక్ టబ్బుల్లో నూనె ఒంటితో పిల్లాడు చేపలా జారిపోతాడు. మా కోడలు టబ్బు కొంది, రెండు రోజులు చూసి ఇప్పుడందులో బట్టలు నానబెట్టుకుంటోంది.

కానీ నిజం చెప్పాలి కదా, ముక్కులో నూనె మా రెండోవాడికి వేయించాను, అప్పుడు లంకలోంచి డాక్టరు దగ్గరికి రావాలంటే పడవ దాటాలి. నెలలోపే వాడికి దగ్గు పట్టుకుని డొక్కలెగరేశాడు, పది రోజులు ఆసుపత్రిలో పెట్టారు. నూనె వల్లేనా అని ఆ రోజు ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. మూడోదానికి మాత్రం వెయ్యనివ్వలేదు, ఎందుకు వెయ్యనివ్వలేదో కూడా మా అత్తగారికి చెప్పలేదు, ముక్కు బాగానే ఉందిలెండి అనేశాను.

నీళ్ళ వేడి సంగతి, చేతితో చూస్తే తెలీదమ్మా, రోజూ అన్నం వార్చే చేతులు, పొయ్యి దగ్గర మొద్దుబారిపోయి ఉంటాయి. మోచేయి ముంచి చూడాలి. నేనైతే ప్రతి చెంబూ ముందు నా పాదం మీద కొంచెం ఒంపుకుని అప్పుడు పిల్లాడి మీద పోసేదాన్ని. గిన్నెలో ముందు చన్నీళ్ళు పోసి తర్వాత వేన్నీళ్ళు కలపాలి, మరిగే నీళ్ళ గిన్నె పిల్లాడి పక్కన ఒక్క క్షణం కూడా ఉండకూడదు.

నర్సక్క

చిన్నపిల్లల వార్డులో చాలా ఏళ్ళు చేశానండి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను ఏమనుకోవద్దు. మామ్మ గారు చెప్పిన ఆ దగ్గు అప్పుడు దేనివల్లో ఇప్పుడు చెప్పలేం గానీ, ముక్కులో నూనె మాత్రం ఈ రోజు నుంచే ఆపేయండి, దీంట్లో బేరాల్లేవు. నీళ్ళు పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోయినా ఒళ్ళు పీల్చేసుకుంటుంది, నూనె అలా కాదు, అక్కడే ఉండిపోయి న్యుమోనియా తెస్తుంది, పైగా జిడ్డుగా మెత్తగా ఉండేసరికి దగ్గు కూడా సరిగా రాదు, లోపలికి పోయినట్టు మీకు తెలీను కూడా తెలీదు. చెవిలో వేసినా వద్దు. ముక్కు మూసుకుపోతే డాక్టర్ని అడిగి సెలైన్ చుక్కలు వేసుకోండి.

రెండోది రొమ్ములు పిండటం. అవి తల్లి హార్మోన్లు పిల్లాడి ఒంట్లో ఇంకా మిగిలి ఉండటం వల్ల వచ్చే వాపు, మగ ఆడ తేడా లేదు, ఒక్కోసారి చుక్క పాలు కూడా వస్తాయి, ముట్టుకోకపోతే కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. గడ్డలు కడతాయని పిండుతారు, నిజానికి పిండితేనే చీముగడ్డ కడుతుంది. అలా వచ్చిన పిల్లలకి కోసి చీము తీయించాల్సి వచ్చింది, నేనే డ్రెస్సింగులు చేశాను. ఆడపిల్లయితే లోపల పాలగ్రంథి దెబ్బతిని పెద్దయ్యాక ఇబ్బందయ్యే ప్రమాదం కూడా ఉంది.

తల నొక్కడం గురించి, నార్మల్ డెలివరీలో తల కాస్త సాగి వస్తుంది, నొక్కినా నొక్కకపోయినా కొన్నాళ్ళకి గుండ్రంగా అవుతుంది, పేరు మాత్రం నీళ్ళు పోసే ఆవిడకి వస్తుంది 😀 మాడు దగ్గర ఎముక కలవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, అక్కడ నూనె అద్దడం వేరు, నొక్కడం వేరు.

మూడు గంటల నిద్ర గురించి మీ అమ్మగారు అన్నది సగం నిజం. వెచ్చటి నీళ్ళకి, ఒళ్ళు పట్టినందుకు హాయి ఉంటుంది, నేను కాదనను. కానీ గుక్కపట్టి ఏడ్చి అలసిపోయి పడుకున్నదీ అందులో ఉంది. నిద్రపోతున్నాడని పాలు మాత్రం మానొద్దు, ఈ వయసులో రెండు మూడు గంటలకోసారి పట్టాల్సిందే, అవసరమైతే లేపి పట్టండి.

ఇంకొకటండి, అందరూ నీళ్ళ వేడి గురించే మాట్లాడతారు, నీళ్ళు పోశాక వచ్చే చలి గురించి మాట్లాడరు. పసిగుడ్డుకి చంకలో టెంపరేచర్ 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి, ఫారెన్‌హీట్ థర్మామీటరైతే 97.7 నుంచి 99.5. దొడ్లో గాలికి తడి ఒంటితో ఉంటే నిమిషాల్లో పడిపోతుంది, తల పెద్దది కాబట్టి తడి తలలోంచే చాలా వేడి పోతుంది. అందుకే పుట్టగానే నీళ్ళు పోయొద్దని, కనీసం 24 గంటలు ఆగమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, ఆచారం వల్ల అసలు కుదరకపోతే ఆరు గంటలన్నా. పుట్టినప్పుడు ఒంటి మీద ఉండే ఆ తెల్లటి వెన్నలాంటి పూత మురికి కాదు, చర్మానికి కాపలా, రుద్ది తీసేయకూడదు. మీరు పదకొండు రోజులు ఆగారు కాబట్టి ఆ విషయంలో మీ పురుడు ఆచారమూ డాక్టరు మాటా కలిశాయి, చాలా ఇళ్ళలో అది కూడా ఉండదు. 2.5 కేజీల లోపు పిల్లలకైతే ఇంకా జాగ్రత్త.

బొడ్డుకి పసుపు, బూడిద పెట్టారా లేదా చెప్పలేదు, పెట్టకపోతే మంచిది, పొడిగా వదిలేయడమే మందు. ఒకప్పుడు ఇలాంటివి పెట్టడం, కొడవలితో బొడ్డు కోయడం వల్ల పురిటి ధనుర్వాతం వచ్చి పిల్లలు పోయేవారు. తల్లికి టీటీ ఇంజెక్షన్లు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక బాగా తగ్గింది, ఏ జిల్లాలోనూ వెయ్యి కాన్పులకి ఒకటి కూడా రావట్లేదని 2015లో మన దేశానికి ఆ నిర్ధారణ ఇచ్చారు.

కొబ్బరినూనె ఉంచుకోండి, బ్రహ్మాండంగా ఉంటుంది, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల చర్మంలోంచి తడి పోకుండా కూడా ఆపుతుంది. సున్నిపిండి మాత్రం ఇప్పుడొద్దు. గరుకు పిండి లేత చర్మాన్ని గీరుతుంది, పైగా బావంచాలు కలిపి ఆడించి ఉంటే అందులో ఎండకి చర్మం కందిపోయే గుణం ఉంది, మనవాళ్ళేమో పిండి రుద్ది తీసుకెళ్ళి ఎండలో పెడతారు! నూగు వెంట్రుకలు రుద్దకపోయినా రాలిపోతాయి. సాంబ్రాణి పొగ పిల్లాడున్న గదిలోకి రానివ్వకండి. జుట్టు ఆరడానికే అయితే మెత్తటి పొడి గుడ్డ చాలు.

పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ సార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, కామెర్ల పసుపు రంగు అరచేతులకీ అరికాళ్ళకీ దిగినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా, జ్వరం ఉన్నా, ఎంత చుట్టినా ఒళ్ళు చల్లగానే ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నిన్న పొలమారింది కాబట్టి ఈ రెండు మూడు రోజులు ఊపిరి లెక్కపెట్టండి, వాడు నిద్రపోతున్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం. వీలైతే ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించేస్తే మీకూ నిద్ర పడుతుంది. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, అంటే రేపు మీ ఇంటికి వస్తుంది, ఇదంతా ఆవిడ చేత మీ అమ్మగారి ముందు చెప్పించండి. కూతురు చెప్తే వినరు గానీ బ్యాగు తగిలించుకుని వచ్చినావిడ చెప్తే వింటారు.

భీమవరం నాన్న

అక్కయ్యలందరూ చెప్పేశారు కాబట్టి నీళ్ళ సంగతి ఒక్కటే చెప్తానండి, ఎందుకంటే మాకు దెబ్బ అక్కడే తగిలింది. మా ఊరు చుట్టూ చేపల చెరువులే, బోరు వేస్తే ఉప్పు నీళ్ళు, సమ్మర్లో కాలువలు కట్టేశాక ఇంకా ఘోరం. మా పాపకి రోజూ ఒంటి మీద తెల్లగా పొట్టు రేగిపోతుంటే సబ్బులు మార్చాం, నూనెలు మార్చాం, చివరికి చూస్తే బోరు నీళ్ళు. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఉప్పు ఎక్కడికి పోతుందండి, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇప్పుడు రోజుకో మంచినీళ్ళ టిన్ను తెచ్చి అందులో సగం పాపకే. మా మామగారు "తాగే నీళ్ళు స్నానానికా" అని వారం రోజులు సణిగారు, పాప ఒళ్ళు నున్నగా అయ్యాక ఆయనే టిన్ను మోసుకొస్తున్నారు.

ఇంకోటి, దొడ్లో కాకుండా గదిలో తలుపులేసి, ఫ్యాన్ కట్టేసి, తువ్వాలు ముందే పక్కన పెట్టుకుని పోయండి. అయిదు నిమిషాల్లో అయిపోవాలి.

కొత్తమ్మ (అమలాపురం దగ్గర)

వారం రోజులైంది, ఏమైందో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను. ఆ మర్నాడే పిల్లల డాక్టరుకి చూపించాం, ఊపిరితిత్తులు క్లియర్‌గా ఉన్నాయన్నారు. నేను లెక్కపెడితే 44, 46 అలా వచ్చింది, మొదటిసారి లెక్క తప్పి 70 వచ్చి ఏడ్చేశాను అది వేరే సంగతి. ఎడమ రొమ్ము కొంచెం గట్టిగా ఉంది కానీ ఎర్రగా లేదు వేడిగా లేదు, ముట్టుకోకుండా వదిలేయమన్నారు.

ఆశా అక్క వచ్చినప్పుడు నీళ్ళు పోసే ఆవిడ కూడా ఇంట్లోనే ఉంది. నేనేదో పెద్ద గొడవవుతుందని భయపడుతుంటే ఆవిడ తీరిగ్గా వక్కపొడి వేసుకుని "మాదేవుందమ్మా, ఊదమంటే ఊదుతాం, వద్దంటే మానేస్తాం, ఊదకపోతే నూనె ఊదలేదని మీ ముసలాళ్ళే తిడతారు" అంది. అమ్మ అటు తిరిగి కాగు కింద డొక్కలు సర్దుకుంది. మాన్పించడం లేదని, డబ్బులూ ఆఖరి రోజు పెట్టే చీరా అన్నీ మామూలేనని అమ్మ చేతే చెప్పించాను, ఆవిడ అసలు బెంగ అదేనేమో అనిపించింది నాకు.

ఇప్పుడు నడవలో తలుపులేసుకుని పోస్తోంది. కొబ్బరినూనె, పిక్కల మీద పడుకోబెట్టడం, శ్రీరామరక్ష అన్నీ ఉన్నాయి, సున్నిపిండి నాకు రుద్దుతోంది, సాంబ్రాణి కూడా నా జుట్టుకే, అదీ దొడ్లో. మోచేయి ముంచి చూడమంటే మొదటి రోజు నవ్వింది, మూడో రోజు ముంచి "అబ్బో, కాస్త ఎక్కువైందే" అని తనే ఇంకో చెంబు చన్నీళ్ళు కలిపింది. బాబు ఇప్పుడు పెద్దగా ఏడవట్లేదు, నిన్న అయితే నీళ్ళు పోస్తుండగా ఆవిడ చీర మీద ఉచ్చ పోసి మొహంలోకి చూస్తున్నాడు. మీ అమ్మా ఇంతే అంది.