పాపభీతి దగ్గరే ఆగిపోతున్నారు, మారుమనస్సు దాకా ఎలా తీసుకెళ్లాలి?

యూత్ బైబిల్ స్టడీలో మారుమనస్సు (పాపం విడిచి దేవుని వైపు తిరగడం) పాఠం, వారానికి 45 నిమిషాలు. మొదటి రెండు వారాలు నిర్గమ 20 (పది ఆజ్ఞలు), రోమా 3:20 (ధర్మశాస్త్రం, అంటే దేవుని ఆజ్ఞల వల్లే పాపమేంటో తెలుస్తుంది). మూడో వారం మత్తయి 5. కోపం కూడా హత్య లెక్కలోకే వస్తుందనేసరికి 'నేను హత్య చేయలేదుగా' అనేవాళ్లు సైతం నోరెత్తలేదు. చిక్కంతా ఆ తర్వాతే. అందరూ 'ఇకపై చేయను' అని ఒట్లు రాసిచ్చారు. అంటే సొంత ప్రయత్నంతో మళ్లీ ధర్మశాస్త్రం కిందికే!

ధర్మశాస్త్రం మనల్ని క్రీస్తు దగ్గరికి నడిపించే 'బాలశిక్షకుడు' అనే గలతీ 3:24 చెబితే, బాలశిక్షకుడంటే బెత్తం పట్టిన పంతులనుకున్నారు. నిజానికి పిల్లవాణ్ణి వెంటబెట్టుకు తిరిగే ఇంటి దాసుడు. 2 కొరింథీ 7:10తో (మారుమనస్సు పుట్టించే దుఃఖం వేరు, లోకసంబంధమైన దుఃఖం వేరు) యేసును అప్పగించిన యూదాను, ఆయన్ని ఎరగనన్న పేతురును పోల్చాను. మత్తయి 27:3లో యూదా కూడా 'పశ్చాత్తాపపడి' అనే ఉంది, ఇద్దరికీ తేడా ఏంటన్నారు. గ్రీకులో అది మారుమనస్సుకు వాడే మాట కాదన్నా ఎక్కలేదు.

నాలుగో వారం కీర్తన 51 (దావీదు పశ్చాత్తాప ప్రార్థన) ఎత్తుకోవాలా, లూకా 15 (తప్పిపోయిన కుమారుడు) ఎత్తుకోవాలా?